బడి బయట పిల్లలు - మన వసతి గృహం

వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసివ్వమని తమ్ముళ్లు ఇంటికి వచ్చి అడిగారు. దేని మీద రాయమంటారంటే, ముందే కాగితం మీద రాసుకొచ్చిన శీర్షిక చదివారు: "పేద పిల్లల చదువుకు సేవాసంస్థల కృషి." వక్తృత్వ పోటీకి ఇచ్చే విషయంలా ఉందే అని నవ్వుకున్నాను. ఆ రాత్రి ఆలోచిస్తే, అందులో కొంత మన గదుల్లోనే జరిగిందని గుర్తుకొచ్చింది.

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది సంగతి ఇది. 1990ల చివర. సెలవులయ్యాక జూన్‌లో ట్రంకు పెట్టె మోసుకుని వచ్చేసరికి మా గది గోడ నిండా బొగ్గు రాతలు. అ, ఆలు, వంకర అంకెలు, ఒక పడవ బొమ్మ. ఎవరో గది పాడుచేశారని వార్డెన్ గారికి చెప్పాం. "మీరు లేనప్పుడు ఇక్కడ వేరే పిల్లలు చదువుకున్నార్రా. సున్నం వేయిస్తాలే" అన్నారు. ఆ పిల్లల్లో ఇద్దరు ఆ జూన్‌లోనే మాతోపాటు పళ్లెం పట్టుకుని అన్నం వరుసలో నిలబడ్డారు. ఈడు మాదే, తరగతి మాత్రం అయిదు. మేం వాళ్లను బాగా ఏడిపించాం. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అది అప్పటి ప్రభుత్వం నడిపిన "మళ్లీ బడికి" కార్యక్రమమని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పని మానిపించిన పిల్లలను, వేసవిలో ఖాళీగా ఉండే సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో ఉంచి, చదువు అలవాటు చేసి, బడి తెరిచేనాటికి తరగతిలో కూర్చోబెట్టడం దాని ఉద్దేశం. ఆ ఆలోచన వెనుక ఒక స్వచ్ఛంద సంస్థ అనుభవం ఉంది. దాని గురించి చెప్పేముందు కాస్త వెనక్కి వెళ్లాలి.

మన వసతి గృహాలకు పూర్వీకులు దాతల ఇళ్లే. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన ప్రోత్సాహంతో పిఠాపురం మహారాజా గారు అనాథ పిల్లలకు ఆశ్రమం, దళిత విద్యార్థులకు వసతి గృహం నడిపించారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారి దారి వేరు. ఆయన వెనుక మహారాజు లేడు. తన జనం మధ్యే తిరుగుతూ, 1910లో మొదలుపెట్టిన బడులను 26 దాకా పెంచారు. దాత ఇచ్చిన చదువు, తనవాళ్లు తెచ్చుకున్న చదువు - ఈ రెండు దారులూ అప్పటినుంచీ పక్కపక్కనే నడుస్తున్నాయి. నా మొగ్గు రెండోదాని వైపు. కానీ మొదటిది లేకపోతే ఎందరో చదువుకునేవారే కారన్నదీ నిజం.

మన విశాఖలో పెద్ద దానానికి గుర్తు ఎ.వి.ఎన్. కాలేజీ. 1860లో చిన్న బడిగా మొదలై, అంకితం వెంకట నరసింగరావు గారి దానంతో నిలదొక్కుకుంది. సి.వి. రామన్ చదివిన కాలేజీ అని మనం గొప్పగా చెప్పుకుంటాం. అయితే కాలేజీ కట్టినంత మాత్రాన ఒకటో తరగతికే రాని పిల్లవాడు అక్కడిదాకా రాలేడు.

యలమంచిలి దగ్గరి దిమిలి కథ ఇక్కడే పనికొస్తుంది. ఆ ఊరి బిడ్డ డాక్టర్ బి.వి. పరమేశ్వరరావు గారు అమెరికాలో డాక్టరేట్ చేసి, 1960ల చివర తిరిగి వచ్చారు. పెద్ద ఉద్యోగంలో కుదురుకోగలిగిన మనిషి. ఊళ్లో హైస్కూలు పెట్టించే పనికి పూనుకున్నారు. చెక్కు రాసిచ్చి ఊరుకోలేదు. ఊరివాళ్ల చేతే చందా వేయించి, వాళ్లనే కదిలించి బడి నిలబెట్టారు. ఆ పని నుంచే 1976లో భాగవతుల చారిటబుల్ ట్రస్టు పుట్టింది. తాను చందా వేసి కట్టుకున్న బడికి తాళం పడితే ఊరు ఊరుకోదు.

ఇక మన గోడ మీది బొగ్గు రాతల దగ్గరికి. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరున 1981లో ఎం.వి. ఫౌండేషన్ ఏర్పడింది. ఆయన మనవరాలు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే శాంతా సిన్హా గారి నాయకత్వాన 1991లో రంగారెడ్డి జిల్లాలో వెట్టి పిల్లల మధ్య పని మొదలుపెట్టింది. అప్పటిదాకా సేవ అంటే రాత్రి బడి. పగలు పశువులు కాసి వచ్చిన పిల్లవాడికి లాంతరు కింద గంటసేపు అక్షరాలు చెప్పడం. వీళ్లు అది కాదన్నారు. పగలు బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే. ఇంటి చాకిరీ చేసే ఆడపిల్ల కూడా ఆ లెక్కలోకే వస్తుందన్నారు. రాత్రి బడి పెడితే పగటి పనికి ఒప్పుకున్నట్టే కదా!

వాళ్ల శిబిరాల్లో మొదట ఆటలు, పాటలు, కథలు. పిల్లలు పని ధ్యాస మరిచాక పలక. చివరికి వయసుకు తగిన తరగతిలో, మామూలు ప్రభుత్వ బడిలో చేర్చడం. సంస్థ సొంతంగా వేరే బడి కట్టి అందులోనే ఉంచుకోలేదు. కార్యకర్తలుగా తీసుకున్నది ఎక్కువగా ఆ ఊళ్ల యువతనే. వాళ్లలో చాలామంది ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు, అంటే మనలాంటివాళ్లు. పేదవాడు పిల్లవాడి కూలి మీద బతుకుతాడు కాబట్టి బడికి పంపడని పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా రాసేవారు. దారి చూపి, పక్కన నిలబడితే పంపుతారని వీళ్లు చేసి చూపించారు. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే.

ఇప్పుడు ఆ శిబిరాల ఆలోచన చట్టంలోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. నాలుగో సెక్షను ప్రకారం బడి మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, మిగతావారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగో సెక్షను ప్రకారం పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. తమ్ముళ్లూ, ఈ రెండు నంబర్లు నోట్సులో రాసుకోండి. పరీక్షలో రాకపోవచ్చు గానీ మీ ఇంటి పక్క పిల్లకు అవసరం పడవచ్చు.

అలాగైతే చట్టం వచ్చాక మనకిక పనేముంది? జాలారిపేట వైపు జూన్ నెలలో ఒకసారి వెళ్లి చూడండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, నిషేధం అవసరమే. బడి తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. అంటే రెండు నెలలుగా పడవ కదలని ఇంట్లో, చేతిలో పైసా ఆడని వారంలోనే సంచి, బూట్లు, ఆటో కిరాయి గుర్తుకొస్తాయి. నిషేధ కాలపు భృతి ప్రభుత్వం ఇస్తుంది. అది వచ్చేలోపే అప్పు కూర్చుని ఉంటుంది. ఏడో తరగతి పిల్లవాడు "ఈ నెల పడవ మీదకి వెళ్తాను, తర్వాత బడికి" అంటాడు. ఆ తర్వాత రాదు. గాజువాక చుట్టుపక్కల కట్టడం పనులకు వలస వచ్చినవాళ్ల పిల్లలదీ దాదాపు ఇదే కథ. మేస్త్రీ చోటు మార్చినప్పుడల్లా బడి మారుతుంది.

ఇక మన సంఘం సంగతి. పూర్వ విద్యార్థులం ఏటా పళ్లేలు, దుప్పట్లు, పరీక్ష అట్టలు ఇస్తున్నాం. నేనూ చందా వేస్తాను. డిసెంబరు రాత్రి దుప్పటి విలువ ఇక్కడ పడుకున్నవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఇవన్నీ ప్రభుత్వం ఇవ్వాల్సినవే. మనం ఇచ్చిన దుప్పటి కనబడగానే, ఆలస్యమైన దుప్పటి గురించి అడిగేవాడుండడు. అడుగుతూ కూర్చుంటే పిల్లవాడు చలికి వణుకుతాడు. ఈ చిక్కుకు నా దగ్గర జవాబు లేదు. అందుకే దుప్పట్లు మానేద్దామనను. చందాలో సగమైనా, మన టైములో కొంతైనా బడి బయట పిల్లల మీద పెడదామంటాను.

నేను మొదట చెప్పిన ఇద్దరిలో ఒకడు పదో తరగతి పాసై, ఐటీఐ చేసి, పని చూసుకున్నాడు. రెండోవాడు దసరా సెలవులకు ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు. అతని ట్రంకు పెట్టె సంక్రాంతి దాకా గది మూలనే ఉంది. కమాటి ఒకరోజు దాన్ని స్టోర్ రూములో పెట్టేశాడు. అతని ఊరు ఎక్కడో మాలో ఎవరూ అడగలేదు. చేర్చిన రోజు ఫోటో తీసుకున్నవాళ్లు ఉండి ఉంటారు. దసరా తర్వాత లెక్క చూసినవాళ్లు లేరు.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. జూన్ మొదటి పదిహేను రోజులు ఇద్దరిద్దరు చొప్పున ఒక్కో పేటకు వెళ్లడం. పేర్లు రాసుకుని, తల్లితోపాటు హెడ్మాస్టరు గారి దగ్గర కూర్చోవడం. అదే పేర్లతో దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి బడికి వెళ్లి చూడటం. స్టీల్ ప్లాంటులో ఉన్నవాళ్లు ఎ షిఫ్టు వారంలో మధ్యాహ్నం రెండింటికి బయటపడతారు, వాళ్లకు వీలు. పోర్టువాళ్లకు జాలారిపేట దగ్గర. పేరు ఇచ్చేవాళ్లు వార్షికోత్సవం రోజు భోజనాల దగ్గర నన్ను కలవండి. రెండు రూళ్ల నోటుబుక్కు ఒకటి కొని ఉంచాను, మొదటి పేజీలో నా పేరు రాశాను.