ఊరి కథ చెప్పే కొలువు: వేల్స్ నేర్పే పీఆర్ పాఠాలు

2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ ఒకే సమావేశంలో మన రామప్ప గుడినీ, బ్రిటన్‌లోని వాయవ్య వేల్స్ పలకరాతి గనుల సీమనూ జాబితాలో చేర్చింది. రెండు ప్రకటనల మధ్య ఎడం మూడు రోజులే. కాకతీయుల శిల్పాన్ని చూడటానికి జనం రావడం సహజం. రాయి తవ్వి వదిలేసిన బూడిదరంగు కొండల్ని చూడటానికి ఎవరొస్తారు? వస్తున్నారు. బెథెస్డా దగ్గరి పెన్రిన్ గని మీదుగా జిప్‌లైన్‌పై దూసుకుపోవడానికి దేశదేశాల నుంచి వస్తున్నారు. ఈ మార్పు కోసం ఒకరు డబ్బు పెట్టారు, ఒకరు తీగలు బిగించారు, మరొకరు ఆ సంగతి లోకం చెవిన వేశారు. ఆ మూడో పనే పబ్లిక్ రిలేషన్స్ (పీఆర్). రాయడం వచ్చి, మనుషులతో కలిసిపోగలిగి, ఊళ్ల మీద మమకారం ఉన్నవారికి ఇది చక్కటి వృత్తి.

ఏం పని చేస్తారు?

ప్రకటన అంటే పత్రికలో చోటు కొనుక్కోవడం. పీఆర్‌లో చోటు కొనరు. ‘ఇది రాయదగ్గ సంగతే’ అని జర్నలిస్టుకు అనిపించేలా చేస్తారు. ఒక ఏజెన్సీ చేతిలో ఒకేసారి పలువురు క్లయింట్లు ఉంటారు. వేల్స్ లాంటి చోట పొద్దున హోటల్ పని, మధ్యాహ్నం మ్యూజియం పని, సాయంత్రం ఉప్పు తయారుచేసే చిన్న కంపెనీ పని చూడాల్సి రావచ్చు. కొత్తగా చేరినవారు సాధారణంగా అకౌంట్ ఎగ్జిక్యూటివ్ స్థాయిలో మొదలుపెడతారు. ప్రెస్ నోట్ రాయడం, ఏ విషయం ఏ విలేకరికి పనికొస్తుందో జాబితా వేసుకోవడం, ఫొటోలు సిద్ధం చేయడం, పర్యాటక రచయితలను వెంటబెట్టుకుని తిప్పి చూపించడం, వచ్చిన వార్తలను సేకరించి క్లయింట్‌కు నివేదిక ఇవ్వడం వీరి పనులు.

వేల్స్‌లో మూడు చోట్లు, మూడు పాఠాలు

హే-ఆన్-వై రెండు వేల జనాభా కూడా లేని ఊరు. రిచర్డ్ బూత్ అనే వ్యాపారి అక్కడ పాత పుస్తకాల దుకాణాలు పెట్టారు. 1977 ఏప్రిల్ 1న ఆ ఊరిని స్వతంత్ర రాజ్యంగా ప్రకటించి, తానే రాజునన్నారు. పత్రికలన్నీ రాశాయి. ఆ చమత్కారం నిలబడిందంటే కారణం ఊరి నిండా నిజంగానే పుస్తకాలు ఉండటం. 1988లో మొదలైన హే సాహిత్యోత్సవం ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. సరుకు ఉన్నచోటే మాట నిలుస్తుందన్నది మొదటి పాఠం.

కార్డిగన్ పట్టణంలో సుమారు నాలుగు వందల మందికి పని ఇచ్చిన జీన్స్ ఫ్యాక్టరీ 2002లో మూతపడింది. దాదాపు పదేళ్ల తర్వాత హ్యూట్ డెనిమ్ అనే చిన్న కంపెనీ పుట్టి, అక్కడి నైపుణ్యం గల చేతులకు మళ్లీ పని చూపించింది. 2018 జనవరిలో కార్డిఫ్ పర్యటనకు వచ్చిన మేఘన్ మార్కెల్ ఆ జీన్స్ వేసుకున్నారు. ఆర్డర్లు వెల్లువెత్తాయి. విలేకరులు ఆరా తీసేసరికి పని పోగొట్టుకున్న ఊరు మళ్లీ మిషన్ తొక్కుతున్న కథ అక్కడ సిద్ధంగా ఉంది. అదృష్టం తలుపు తట్టకముందే ఇల్లు సర్దుకుని ఉండాలన్నది రెండో పాఠం.

2023 ఏప్రిల్‌లో బ్రెకన్ బీకన్స్ జాతీయ ఉద్యానం తన వెల్ష్ పేరు ‘బన్నయ్ బ్రఖైన్యోగ్’నే వాడుకలోకి తెచ్చుకుంది. వెల్ష్ నటుడు మైకేల్ షీన్‌తో ఒక వీడియో విడుదల చేసింది. మెచ్చుకున్నవారు ఉన్నారు, మండిపడ్డవారూ ఉన్నారు. ఇలాంటి సందర్భాల్లో ఎదురయ్యే ప్రశ్నలను ముందే ఊహించి, విసుక్కోకుండా జవాబు చెప్పగలగడం మూడో పాఠం.

మీ బలం మీ భాష

వేల్స్‌లో ప్రభుత్వ సంస్థలు వెల్ష్‌ను ఇంగ్లిష్ కంటే తక్కువగా చూడకూడదు. అందుకే రెండు భాషలూ వచ్చిన పీఆర్ ఉద్యోగికి అక్కడ విలువ. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ ఇదే అవకాశం ఉంది. ఇంగ్లిష్ నుంచి మక్కికి మక్కి దించిన ప్రెస్ నోట్‌ను పత్రిక డెస్కులో ఉన్నవారు మళ్లీ మొదటి నుంచీ రాసుకోవాల్సి వస్తుంది. తేట తెలుగులో, మొదటి పేరాలోనే విషయం చెప్పే నోట్ నేరుగా అచ్చుకెక్కుతుంది. తెలుగు మీడియంలో చదివామని చిన్నబుచ్చుకోకండి. ఆ చదువే ఇక్కడ మీ పెట్టుబడి. దానికి తోడు ఇంగ్లిష్‌లో సూటిగా రాయడం సాధన చేయండి.

ఎక్కడ చదవాలి?

ఏ డిగ్రీ చేసినవారైనా ఈ రంగంలోకి రావచ్చు. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ (ఐఐఎంసీ)లో అడ్వర్టయిజింగ్, పబ్లిక్ రిలేషన్స్ పీజీ డిప్లొమా పేరున్న కోర్సు. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లోని జర్నలిజం, కమ్యూనికేషన్ విభాగాలు గట్టి పునాది వేస్తాయి. వేల్స్‌లోనే చదవాలనుకుంటే కార్డిఫ్ యూనివర్సిటీలో అంతర్జాతీయ పీఆర్ మాస్టర్స్ ఉంది. అప్పుచేసి వెళ్లేముందు ఫీజు, వీసా, చదువు తర్వాత పనిచేసే గడువు వివరాలను అధికారిక వెబ్‌సైట్లలో స్వయంగా చూసుకోండి. కన్సల్టెంట్ మాట ఒక్కదాన్నే నమ్ముకుని బయల్దేరవద్దు.

ఈ వారమే మొదలుపెట్టండి

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ తర్వాత అడిగేది మీరు చేసిన పని. మీకు దగ్గర్లోని ఒక కళను ఎంచుకోండి: ఏటికొప్పాక బొమ్మ, చేర్యాల నకాషీ, మంగళగిరి నేత. రెండు రోజులు అక్కడ గడపండి. అడిగి, ఒప్పుకున్నాకే ఫొటోలు తీయండి. మూడు వందల మాటల్లో ఒక ప్రెస్ నోట్ తెలుగులో, ఒకటి ఇంగ్లిష్‌లో రాయండి. అది ఏ పత్రికలో ఏ పేజీకి సరిపోతుందో గుర్తించి పంపండి. ఇలాంటివి మూడు చేస్తే మీ పోర్ట్‌ఫోలియో సిద్ధమైనట్టే.

రాసేటప్పుడు పెన్రిన్ గనిని గుర్తుంచుకోండి. జిప్‌లైన్ కింద కనిపించే ఆ లోయలోని కార్మికులు 1900 నుంచి 1903 దాకా మూడేళ్లు పస్తులకోర్చి యాజమాన్యంతో పోరాడారు. ఆ కష్టాన్ని చెరిపేసి ఆటను మాత్రమే చెబితే అది సగం కథ. నేత గురించి రాస్తే మగ్గం అందంతో పాటు నేసేవారి కూలి ఎంతో కూడా తెలుసుకోండి. నోట్ పత్రికకు పంపే ముందు ఆ కళాకారులకు చదివి వినిపించండి. ‘అవును, ఇది మా సంగతే’ అని వాళ్లు అన్నాకే పంపండి.