ఇబ్రహీంపట్నపు విద్యుత్కేంద్రము ఎవరిది?

పెదకాకానిలో నొక యింట నూఱు వాట్ల దీపము పది గంటలు వెలిగినచో నొక యూనిట్టు విద్యుత్తు ఖర్చగును. అది బొగ్గు వలన బుట్టినదైనచో, దానికై ఇంచుమించు ముప్పాతిక కిలో బొగ్గు కాలవలెను. అట్టి బొగ్గు కాలుచోటు మనకు దూరము గాదు; కృష్ణకు ఆవలి యొడ్డున, ఇబ్రహీంపట్నమునందే యున్నది.

అచ్చట బొగ్గును పిండివలె నూఱి బాయిలరులో గాల్తురు. నీరావిరియై చక్రములను ద్రిప్పును. వానితో గూడిన యంత్రమున విద్యుత్తు పుట్టును. బొగ్గు సింగరేణినుండియు, ఒరిస్సాలోని తాల్చేరునుండియు రైలుబండ్లలో వచ్చును. నీరు కృష్ణది.

1979లో 210 మెగావాట్ల తొలి యూనిట్టు పని ప్రారంభించెను. 1995 నాటికి అట్టివి ఆఱయ్యెను. 2009లో 500, 2023లో 800 మెగావాట్లవి చేరగా మొత్తము 2,560 మెగావాట్లయినది. విద్యుచ్ఛక్తి మండలికి అధ్యక్షులుగా బనిచేసిన నార్ల తాతారావుగారి పేరే నేడీ కేంద్రమునకు బెట్టబడియున్నది.

ఇక స్వామ్యము మాట. దీనిని గట్టినది 1959లో నేర్పడిన రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి. 1999లో మండలిని విభజించి, ఉత్పత్తికి జెన్కో యను కంపెనీని, ప్రసారమునకు ట్రాన్స్‌కోను ఏర్పఱచిరి. కంపెనీ యనగానే ఎవరో షావుకార్ల సొత్తని కొందఱు తలంతురు, అది పొరపాటు. జెన్కో రాష్ట్ర ప్రభుత్వపు సంస్థ. అనగా దాని లాభనష్టములు, అప్పులు, తుదకు మన మీదనే పడును.

అయితే బొగ్గు గనుల స్వామ్యము వేఱు. సింగరేణి సంస్థలో నూటికి 51 పాళ్లు తెలంగాణ ప్రభుత్వమువి, 49 కేంద్రమువి. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు ఏ కేంద్రము ఎచ్చటనున్నదో ఆ రాష్ట్రమునకే చెందెను. కాని విద్యుత్తును మాత్రము ఇరువురును బంచుకొనవలసి వచ్చెను. 2017లో ఆ పంపకము నిలిచినది. బాకీల తగవు న్యాయస్థానములకెక్కినది. అన్నదమ్ములు చేను పంచుకొని బావి నుమ్మడిగా నుంచినట్లే గదా!

ఎవరును తమదని వాదింపనిది బూడిద యొక్కటే. మన దేశపు బొగ్గులో నూటికి ముప్పది పాళ్లకు మించి బూడిద యుండుట సామాన్యము; పైన జెప్పిన యొక్క దీపమునకే పావు కిలో యగును. దానిలో గొంత సిమెంటునకును, ఇటుకలకును బోవును. మిగిలినదానిని నీటితో గలిపి చెఱువులలో నిలువజేయుదురు. ఆ చెఱువు ఎండినచో ధూళి గాలికి లేచి చుట్టుపట్ల పల్లెల యిండ్లమీదను, పైరులమీదను బడును. దీపము మన యింటను, బూడిద వారి యింటను!