ప్రతిపరిశీలనము – పాఠపరిశీలనము

ప్రాచీనకృతులపై పనిచేయు మన విద్యార్థులు పై రెండు పదములను పర్యాయములుగా వాడుట తరచు కానవచ్చును. నాలుగు ప్రతులను పరిశీలించితిమని పీఠికలో వ్రాసినవారు నిజమునకు చేసినది పాఠపరిశీలనమే. నాలుగింటిలోని మాటలను పోల్చి, భేదములను అడుగున గుర్తించి, సమంజసముగా తోచినదానిని పైకి తెచ్చియుందురు. ఆ ప్రతులను ఎవరు వ్రాసిరి, దేనిని చూచి వ్రాసిరి, ఏ ఆకులు తరువాత చేరినవి అను ప్రశ్నలు వారికి తట్టియే యుండవు.

పాఠమనగా కృతిలోని మాటల కూర్పు. ప్రతి యనగా ఆ మాటలను మోయుచున్న వస్తువు. అది తాటాకు కావచ్చును, కాగితము కావచ్చును. కవి ఏమి వ్రాసెనని పాఠపరిశీలకుడు అడుగును. ఈ కట్ట ఎట్లు పుట్టినది, ఎవరి చేతులు మారినది అని ప్రతిపరిశీలకుడు అడుగును. రెండవ ప్రశ్నను విడిచి మొదటిదానికి సమాధానము చెప్పినచో ఏమగును? నాలుగు ప్రతులలో మూడు ఒకే మూలము నుండి దిగినవైనచో అవి ఏకకంఠముగా చెప్పినది ఒక్క సాక్ష్యమే. కాని సంపాదకుడు దానిని మూడుగా లెక్కించి, నాలుగవదానిని ఓడించును. ఆ ఓడినదే కవి మాట కావచ్చును.

ఈ భేదమునకు చక్కని నిదర్శనము సూరతు పట్టణమున కలదు. సూరతు అనగానే నేడు మనవారికి చీరలును, అక్కడి మగ్గములను నమ్ముకొని వెళ్లిన తెలంగాణపు పద్మశాలి కుటుంబములును తలపునకు వచ్చును. 18వ శతాబ్దిలో అది పలుదేశముల వర్తకులు దిగు రేవు, పార్సీ మతగురువుల నెలవు. 1758లో ఆంకెటీల్ దుపెరోన్ అను ఫ్రెంచి యువకుడు అక్కడికి చేరెను. ఆక్స్‌ఫర్డులోని వెందీదాదు ప్రతి నుండి తీసిన కొన్ని పుటల నకలును పారిసులో చూచి, ఆ భాషను నేర్వవలెనని బయలుదేరినవాడతడు. సూరతులో దస్తూర్ దారాబు అతనికి గురువయ్యెను.

అప్పటికి అచ్చటి పార్సీలలో రెండు పక్షములుండెను. ఇరానులోని కిర్మాను నుండి అంతకుముందు వచ్చిన దస్తూర్ జామాస్పు, గుజరాతులోని వెందీదాదు ప్రతులు దోషభూయిష్ఠములని చెప్పి కొందరు గురువులకు శిక్షణ ఇచ్చెను. దారాబు ఆ శిష్యులలోనివాడు. పాత ఆచారమును విడువనివారు ఎదుటిపక్షము. తనకు మొదట దొరకిన వెందీదాదు ప్రతిపై ఆంకెటీలుకు అనుమానము కలిగెను. సూరతులోని డచ్చివారి అధికారి ద్వారమున ఎదుటిపక్షపు పెద్దయైన మంచర్జీ ప్రతిని సంపాదించి పోల్చి చూచితినని అతడే తన ప్రయాణవృత్తాంతమున చెప్పుకొనెను. పోల్చుట పాఠపరిశీలనము. కాని ఏ ప్రతితో పోల్చవలెనో నిర్ణయించినది ప్రతిపరిశీలనము. దారాబు స్నేహితుల ఇండ్ల నుండి పది ప్రతులు తెచ్చియున్నను అతని అనుమానము తీరెడిది కాదు. ఒకరితో నొకరికి పొసగని రెండు ఇండ్ల ప్రతులు కలిసినచోట మాత్రము నమ్మకము కుదురును.

ఆంకెటీలు 1761లో సూరతును విడిచెను. త్రోవలో ఆక్స్‌ఫర్డుకు వెళ్లి అచ్చటి ప్రతులతో తన ప్రతులను సరిచూచుకొని, 1762లో పారిసు చేరి, 180 వ్రాతప్రతులను వెంట తెచ్చెను. అందు ముఖ్యమైనవానిని రాజగ్రంథాలయమున ఉంచెను. 1771లో జెంద్ అవెస్తా అనువాదము మూడు సంపుటములుగా వెలువడెను. ఆ యేడే విలియం జోన్సు దానిని తీవ్రముగా దూషించెను. ఇట్టి పేలవమైన మాటలు జరథుష్ట్రునివి కానేరవనెను. అంతటి పండితుడును అభిరుచినే ప్రమాణముగా గొన్నాడు! 1826లో రాస్కు ఆ భాష ప్రాచీనతను స్థాపించిన పిమ్మట గాని వివాదము సడలలేదు.

అనువాదమో, నిజముగానే లోపములు గలది. దారాబు పారసీకభాషలో చెప్పిన సంప్రదాయార్థముపై అది నిలిచినది. బుర్నూఫ్ 1829లో సూరతు వెందీదాదు ప్రతిని శిలాముద్రణమున యథాతథముగా వెలువరింప నారంభించెను. యస్నకు నేర్యోసంఘుడు చేసిన సంస్కృతానువాదము యొక్క ప్రతులు కూడ ఆంకెటీలు తెచ్చినవే. వాని సాయముననే బుర్నూఫ్ 1833లో ఆంకెటీలు అర్థములను సరిదిద్దెను. పాఠార్థము వీగిపోయినను ప్రతులు నిలిచి, తెచ్చినవాని తప్పులను తామే దిద్దినవి.

మన యింటికి వత్తము. బ్రౌను దొర 1820 దశకము నుండి తెలుగు వ్రాతప్రతులను సేకరించి, పండితులచే పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వెలువడిన వేమన పద్యములు ఆ కృషిఫలమే. ఆ ఉపకారము మరువరానిది. కాని పలుతాళపత్రములను కలిపి దిద్ది వ్రాయించిన కాగితపు ప్రతి దేనికిని అచ్చమైన సాక్ష్యము కాదు. అందలి చక్కని పాఠము కవిదో, దిద్దిన పండితునిదో ఆ ప్రతి ఒక్కదానినుండి తేల్చుట కష్టము. అట్టి ప్రతిని దాని మూలమైన తాటాకుల ప్రక్కన మరియొక ప్రతిగా లెక్కించుట రెండుమార్లు కూడుటయే. పట్టికలలో ఆకుల సంఖ్య, పంక్తుల సంఖ్య, సమగ్రత, ప్రతి వచ్చిన చోటు తెలుపు గడులను మన విద్యార్థులు దాటిపోవుదురు. పని మొదలిడవలసినది అచ్చటనే.

గద్యాంతమున లేఖకుడు వ్రాసిన కాలమును గూర్చియు జాగ్రత్త వలయును. విరోధి నామ సంవత్సరమని మాత్రమే యున్నచో అది 1769లో మొదలైనది కావచ్చును, 1829లో మొదలైనది కావచ్చును. ఆకు స్థితి, వ్రాత తీరు, లేఖకుని ఇతరప్రతులు చూడక నిర్ణయింపరాదు. అదిగాక, కొందరు లేఖకులు మూలప్రతి చివరనున్న తేదీని కూడ గ్రంథభాగముగా భావించి ఎత్తి వ్రాసిరి. అప్పుడు ఆ తేదీ మన చేతిలోని కట్టది కాదు, మనము చూడని కట్టది.