అంగోరా కుందేలు కొనేముందు కత్తిరి ఎండలను తలచుకోండి

వడమాలపేటలో అంగోరా కుందేళ్లు పెంచి బొచ్చు అమ్ముకోవచ్చా అని అడిగితే నా జవాబు ఒక్కటే: వద్దు. గాజులమండ్యం ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసుకుంటూ రెండో ఆదాయం వెతుక్కునేవాళ్లు డబ్బు కట్టకముందే ఈ మాట వినాలని రాస్తున్నాను.

కుందేలుకు మనలాగా చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల గుండానే పోవాలి. ముప్పై డిగ్రీలు దాటితే మామూలు కుందేలే ఆయాసపడుతుంది. ఒళ్లంతా ఉన్ని కప్పుకున్న అంగోరా మే నెల కత్తిరిలో, నలభై దాటిన మన ఎండలో ఎట్లా బతుకుతుంది? ఏసీ పెడతామంటారు. ఒక్క మధ్యాహ్నం కరెంటు పోతే చాలు, మీరు డ్యూటీ నుంచి వచ్చేసరికి ప్రాణాలు పోయి ఉంటాయి. కూలర్‌ను నమ్ముకున్నా, గాలిలో తేమ పెరిగిన రోజుల్లో అది చల్లబరచలేదు.

ఈ జీవి ఉండాల్సింది చలికొండల్లో. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ 1962లో మొదలైంది. దాని ఉత్తర ప్రాంత కేంద్రం హిమాచల్‌లోని కులూ దగ్గర గడ్సాలో జర్మన్ అంగోరాలను పెంచుతోంది. అక్కడ కూడా ఇది తేలిక పని కాదు. రెండున్నర, మూడు నెలలకోసారి బొచ్చు కత్తిరించాలి. ఏడాది మొత్తానికి ఒక కుందేలు ముప్పావు కిలో ఇస్తే మంచి దిగుబడే. రోజుకు 120 గ్రాముల దాణా లెక్కన చూసినా ఆ ముప్పావు కిలో కోసం దాదాపు 44 కిలోలు మేపాలి. పైగా వారానికి రెండు మూడుసార్లయినా దువ్వాలి. దువ్వకపోతే బొచ్చు చిక్కుపడుతుంది. తన ఒళ్లు తానే నాకి మింగిన వెంట్రుకలు కడుపులో ఉండకడితే, కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి చచ్చిపోతుంది. ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండాలనేది ఇందుకే. అంత శ్రద్ధకు షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లకు తీరిక ఎక్కడిది?

చేతిపని మీద ఇష్టం ఉంటే మాత్రం దాన్ని వదులుకోనక్కరలేదు. నూలు మన దగ్గరికి రాగలదు, కుందేలు కొండమీదే ఉండనివ్వండి. అంగోరా పోగు చాలా సన్నం, లోపల గుల్ల, అందుకే అంత వెచ్చన. గొర్రె ఉన్నిలాగా జిడ్డు ఉండదు, కడగకుండానే వడకవచ్చు. కానీ సాగే గుణం తక్కువ, వేళ్లలో జారిపోతుంది. కొత్తవాళ్లు గొర్రె ఉన్ని కలిపిన నూలుతో మొదలుపెట్టడమే మేలు. అమ్మేవాళ్లను ఒక్క మాట తప్పకుండా అడగండి: ఇది కత్తిరించిన బొచ్చా, పీకినదా? చైనా ఫారాల్లో బతికున్న కుందేళ్ల బొచ్చు పీకే దృశ్యాలు 2013లో బయటపడ్డాక పెద్ద పెద్ద దుస్తుల కంపెనీలే అంగోరాను ఆపేశాయి. పీకినది ఎంత చవకైనా ముట్టుకోకండి. ఇక ఉన్ని టోపీ, శాలువా మన ఊళ్లో ఎవరూ కొనరు. బెంగళూరులోనో చలిదేశాల్లోనో ఉన్న బంధువుల ద్వారా ముందు ఆర్డరు తెచ్చుకుని, ఆ తర్వాతే నూలు తెప్పించుకోండి. ఇది చేతి ఖర్చుకు సరిపోతుంది, ఉద్యోగం మానుకునేంత ఆదాయం కాదు.

కుందేళ్లే పెంచాలంటే మాంసానికి పెంచే పొట్టి బొచ్చు జాతులు ఉన్నాయి: న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా. వీటికీ ఎండ పడదు, కానీ జాగ్రత్తపడితే కాపాడుకోవచ్చు. రేకుల షెడ్డు వద్దు. మామిడిచెట్ల నీడలో కొబ్బరి మట్టల కప్పు వేసి, గాలి ఆడేట్టు బోనులు కట్టండి. ఒక మగ, మూడు ఆడ చాలు. మేత సాయంత్రం చల్లబడ్డాక ఎక్కువ వేయండి, ఇవి రాత్రిపూటే బాగా తింటాయి. అవిశ ఆకు, దశరథ గడ్డి పెట్టవచ్చు. చెనక్కాయ కట్టె కూడా మంచిదే గానీ బూజు వాసన వస్తే బయట పారేయండి. చూలు 31 రోజులు. ఎండాకాలంలో వేడికి మగవాటి సత్తువ తగ్గుతుంది, అప్పుడు జత కలపడం దండగ. మొదలుపెట్టడానికి వానలు తగ్గి చలి వచ్చే డిసెంబరు, జనవరి సరైన కాలం.

పిల్లలను మేమే ఇస్తాం, పెద్దయ్యాక మేమే కొంటాం అనేవాళ్లు వస్తారు. 2012లో తమిళనాడు పెరుందురైలో ఈము పక్షుల పేరుతో ఇదే మాట నమ్మి ఎందరో రైతులు మునిగిపోయారు. మీ పుత్తూరులో, తిరుపతిలో మాంసం కొనే మనిషి దొరికాకే బోను కట్టండి. అడవిలో చెవులపిల్లిని పట్టి పెంచుదామనే ఆలోచన అసలే వద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

రోగాల గురించి, దాణా గురించి తిరుపతి పశువైద్య కళాశాలలో అడగండి. అవికానగర్ సంస్థకే కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో దక్షిణ ప్రాంత కేంద్రం ఉంది, మాంసం కుందేళ్ల మీద అక్కడ ఏళ్లుగా పని జరుగుతోంది. సెలవు పెట్టి ఒకసారి వెళ్లి కళ్లారా చూసి రండి. డబ్బు బయటికి తీసేది ఆ తర్వాతే.