‘టోపీ శుక్లా’ – ఒక మాట, ఒక మైత్రి

రాహీ మాసూమ్ రజా (1927–1992) 1969లో వెలువరించిన హిందీ నవల ‘టోపీ శుక్లా’. హిందూ బాలుడు టోపీకి, ముస్లిం బాలుడు ఇఫ్ఫన్‌కు బడి ఈడులో కుదిరిన స్నేహమే ఈ కథకు పునాది.

ఒకనాడు భోజనాల వేళ టోపీ తన తల్లిని ‘అమ్మీ’ అని పిలుస్తాడు. ఇంటిల్లిపాదీ నిర్ఘాంతపోతారు. ఇఫ్ఫన్ ఇంటికి మళ్లీ వెళతావా అని తల్లి కొడుతుంది. దెబ్బలు తింటూనే వెళతానంటాడు బాలుడు.

ఇక్కడ రచయిత సూక్ష్మదృష్టిని మనము గమనించాలి. ఇఫ్ఫన్ నాయనమ్మ మాట్లాడేది పూర్వీ; టోపీ తల్లి నుడీ అదే. టోపీ సొంత నాయనమ్మ భాష మాత్రం ఇఫ్ఫన్ తండ్రి భాషను పోలి ఉంటుంది. మతానికొక భాష అనే గీత ఆ పసివాని చెవిలోనే చెరిగిపోయింది.

పెద్దల కోపం తెంచలేని ఆ సాంగత్యాన్ని ఇఫ్ఫన్ తండ్రి బదిలీ విడదీసింది. బదిలీలుండే ఉద్యోగుల పిల్లలతో ఇక చెలిమి చేయనని టోపీ ఒట్టు పెట్టుకుంటాడు. ఆ ఒంటరితనం మమ్మల్ని మిక్కిలి కలచివేసింది.

ఉర్దూ, తెలుగు ఒకే సంచికలో చదువుకొనే విద్యార్థులము మనము. పక్క బల్లమీది మిత్రుని ఇంట అమ్మను ఏమని పిలుస్తారో మనలో ఎందరికి తెలుసు?