సీ పిలిస్తే అసెంబ్లీ పలకాలంటే...

కోల్‌కతాలోని మెటియాబ్రుజ్ రెడీమేడ్ దుస్తుల తయారీకి పేరుపొందిన ప్రాంతం. ఇలాంటి పనిలో ఒకరు గుడ్డ కత్తిరిస్తే మరొకరు కుడతారు, ఇంకొకరు కాజాలు తీస్తారు. కట్టలో ఏ ముక్క చొక్కా ముందు భాగమో, ఏది వీపు భాగమో ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ఒకేలా తెలిసి ఉండాలి. సీ భాషలో రాసిన ప్రోగ్రాం అసెంబ్లీలో రాసిన ఫంక్షన్‌ను పిలిచేటప్పుడూ ఇలాంటి ఒప్పందమే కావాలి. దాన్నే కాలింగ్ కన్వెన్షన్ అంటారు.

500 నుంచి 120 తీసివేసే చిన్న ఫంక్షన్ అసెంబ్లీలో ఉందనుకుందాం. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లపై లినక్స్ అయితే సీ కంపైలర్ మొదటి అంకెను ఆర్‌డీఐ అనే రిజిస్టర్‌లో, రెండోదాన్ని ఆర్‌ఎస్‌ఐలో పెడుతుంది. జవాబు ఆర్‌ఏఎక్స్‌లో ఉంటుందని ఆశిస్తుంది. అదే ప్రాసెసర్‌పై విండోస్ అయితే అంకెలు ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్‌లలోకి వెళతాయి. లినక్స్ కోసం రాసిన ఫంక్షన్‌ను అలాగే విండోస్‌కు తెస్తే, అది ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐలలో అంతకుముందు మిగిలిపోయిన అంకెలను తీసివేసి ఇస్తుంది. 380 రావలసిన చోట ఏదో ఒకటి వస్తుంది. లింకర్ ఫంక్షన్ పేరు కలిసిందా లేదా అన్నదే చూస్తుంది కనుక ఎక్కడా హెచ్చరిక రాదు.

ఇంతకంటే చిక్కైన తప్పు మరొకటుంది. లినక్స్ ఒప్పందం ప్రకారం ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15 వరకు ఉన్న రిజిస్టర్లను వాడుకున్న ఫంక్షన్, వెనక్కి వెళ్లేముందు వాటిలోని పాత విలువలను తిరిగి పెట్టాలి. అసెంబ్లీ ఫంక్షన్ ఆర్‌బీఎక్స్‌ను చెరిపేసి వచ్చిందనుకోండి. జవాబు సరిగ్గానే ఉంటుంది. కానీ పిలిచిన సీ ఫంక్షన్ తన లూప్ లెక్కను అందులోనే దాచుకుని ఉంటే, ఆ లూప్ దారి తప్పుతుంది. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేస్తే చలరాశులు ఎక్కువగా మెమరీలోనే ఉంటాయి కాబట్టి తప్పు బయటపడకపోవచ్చు. ఆప్టిమైజేషన్ పెట్టగానే బయటపడుతుంది. చాలామంది అప్పుడు కంపైలర్‌నే అనుమానిస్తారు, పాపం.

పాత 32 బిట్ ఇంటెల్ పద్ధతుల్లో అంకెలను స్టాక్ మీద పేర్చేవారు. సీడెకల్‌లో పిలిచినవారు, స్టడ్‌కాల్‌లో పిలిపించుకున్నవారు ఆ స్టాక్‌ను శుభ్రం చేయాలి.

ఐఐటీ మద్రాస్ రూపొందించిన శక్తి ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ పద్ధతిలో పనిచేస్తాయి. అందులో ఏ0 నుంచి ఏ7 వరకు ఎనిమిది రిజిస్టర్లు అంకెలు అందించడానికే ఉన్నాయి. జవాబు ఏ0లో వస్తుంది. ఎస్0 నుంచి ఎస్11 వరకు ఉన్నవాటిని భద్రంగా తిరిగి ఇవ్వాలి.

వీటన్నిటినీ బట్టీ పట్టనక్కరలేదు. కావలసిన ఫంక్షన్‌ను ముందు సీలోనే రాసి, జీసీసీకి మైనస్ పెద్ద ఎస్ ఆప్షన్ ఇస్తే, కంపైలర్ తాను తయారుచేసిన అసెంబ్లీని ఫైల్‌లో రాసిపెడుతుంది. ఏ అంకె ఏ రిజిస్టర్‌లో వచ్చిందో అందులో చూసి, సొంత కోడ్‌ను దానికి సరిపోయేలా రాసుకోవచ్చు.