బడి పెట్టబోతున్న మేనకోడలికి



కొత్తపేటలో ఐదో తరగతి దాకా బడి పెడతానని, పిల్లల సర్వతోముఖ వికాసమే ధ్యేయమని రాశావు. సంతోషం. కానీ నువ్వు పంపిన టైంటేబుల్లో ఆ వికాసమంతా మధ్యాహ్నం మూడు తర్వాతే ఉందమ్మా: కరాటే, డ్రాయింగ్, డాన్సు. లెక్కలూ తెలుగూ మాత్రం పాత బట్టీయే. పొద్దస్తమానం నోరు మూయించి సాయంత్రం గంటసేపు ఆడిస్తే ఏ పిల్లా వికసించదు. మారవలసింది ఆ లెక్కల పీరియడే. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కనుండగా సామగ్రికి వెతుక్కోవాలా? నాలుగు కొబ్బరికాయలు, ఒక తక్కెడ బల్లమీద పెట్టు. ఏది బరువో ముందు చేత్తో ఎత్తి అంచనా రాయమను, తర్వాత తూయమను. అదే సైజులో ఉన్నా, లోపల ఎండిన కురిడీ కాయ నీళ్లకాయ కంటే తేలికని తేలగానే చెవి దగ్గర పెట్టి ఊపుతారు, ఎందుకని వాదించుకుంటారు, వంతు కోసం ఆగడం నేర్చుకుంటారు, చూసింది రెండు వాక్యాల్లో రాస్తారు. లెక్క, భాష, ఓర్పు అన్నీ ఆ అరగంటలోనే వస్తాయి.

ఇవన్నీ రిషీవ్యాలీ లాంటి చోట్లే సాగుతాయని నీ భాగస్వాములు అంటున్నారట. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి చొరవతో 1926లో మొదలైన ఆ బడి ఫీజులూ, స్థలమూ మనకు లేని మాట నిజమే. అయితే అదే సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, వేర్వేరు వయసుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎవరి కార్డు వాళ్లు తెచ్చుకుని ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునేలా చేసింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఆ పద్ధతినే అందుకున్నాయి. పేద పిల్లల బడుల్లో సాగింది కొత్తపేటలో ఎందుకు సాగదు?

ఇంగ్లిష్ గురించి తల్లిదండ్రులు పట్టుబడతారన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. రాజోలు నుంచి కువైట్ వెళ్లి, ఇళ్లలో పనిచేసి ఫీజు పంపే తల్లి ఇంగ్లిష్ అడిగితే అది ఆమె హక్కు, తేలిగ్గా తీసుకోకు. ఇంగ్లిష్‌ను కథలతో, మాటలతో రోజూ బాగా నేర్పించు. లెక్క అర్థం కావడం మాత్రం ఇంటిభాషలో జరగనీ. ఐదో తరగతి వరకైనా వీలైనచోట ఇంటిభాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా మాతృభాషను, సర్వతోముఖ వికాసాన్ని, భయంలేని చదువును కలిపే అడిగింది. 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇక హోంవర్కు సంగతి: రెండో తరగతి వరకు అది వద్దని 2020 స్కూలు బ్యాగు విధానం చెప్పింది. హోంవర్కు లేదేమని అడిగే తండ్రికి ఆ కొబ్బరికాయల గురించి రాసిన పేజీ చూపించు, పిల్ల చేతే చదివించు. మార్కుల కాగితం ఇవ్వలేని నమ్మకం అదిస్తుంది.

ఇదంతా నిలబడేది టీచరు మీదే. అరవైమందిని ఒక్కరికి అప్పగిస్తే ఎంత మంచి టీచరైనా బెత్తం అందుకుంటుంది. తరగతికి ముప్పైమందిని మించనీయకు. బస్సుకూ రంగుల బోర్డులకూ తీసిపెట్టిన డబ్బులో సగం జీతాలకు మళ్లించు. అడ్మిషన్లు మొదలుకాక ముందే ఊళ్లోంచే టీచర్లను ఎంచుకుని, మొదటి టర్ము కార్డులు వాళ్లచేతే రాయించు.

ఆశీస్సులతో,
మామయ్య